పిల్లి ఇంటిని నమ్ముకుంటుందట!

"కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది." ఈ మాట వినని తెలుగువాడు ఉండడనుకుంటా. నా మటుకు నాకు ఇది రెండుసార్లు గట్టిగా వినిపించింది, రెండుసార్లూ విమానం ఎక్కబోయే ముందే. 2012లో విన్నప్పుడు హాయిగా నమ్మేశాను. 2024లో విన్నప్పుడు ఒళ్ళు మండింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పి, పిల్లుల్ని పెంచుకుంటూ పరాయి దేశం బయల్దేరేవాళ్ళ గురించి నాకున్న అభిప్రాయం కూడా కాస్త ఘాటుగానే చెబుదామనుకుంటున్నాను. పిల్లులంటే పడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను.

ముందు 2012 సంగతి. అప్పట్లో కూకట్‌పల్లిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాణ్ణి. పెళ్ళి కాలేదు. ఒక వానాకాలం సాయంత్రం మెట్ల కింద తడిసి ముద్దయిపోయి వణుకుతున్న పిల్లికూన కనబడితే తువ్వాలులో చుట్టి పైకి తెచ్చాను. ఆ రాత్రికి మాత్రమే అనుకున్నా. రెండేళ్ళు ఉంది. పేరు పండు. నేను ఆఫీసు నుంచి ఏ అర్ధరాత్రి వచ్చినా (రిలీజుల రోజులు మరి) బండి చప్పుడు వినగానే మెట్ల దాకా వచ్చేది. అన్నంలో పెరుగు కలిపితే ముట్టేది కాదుగానీ నా చేతికి అంటిన పెరుగు నాకేది. అంతకంటే దాని గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. మామూలు పిల్లి.

అంతలో ఆన్‌సైటు వచ్చింది. న్యూజెర్సీ, పద్దెనిమిది నెలలు. వీసా స్టాంపింగు, షాపింగు, పచ్చళ్ళు, పార్టీలు... నాకు గుర్తున్నంతలో ఆ రెండు నెలల్లో పండు గురించి నేను ఆలోచించింది చివరి వారంలో, అదీ ఓ పది నిమిషాలు. కింద వాటాలో ఉండే ఓనరు ఆంటీతో అంటే ఆవిడ తేలిగ్గా "పిల్లికేం బాబూ, అది ఇంటిని నమ్ముకుని ఉండేది. ఎక్కడికీ పోదు. నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అంది. సామాను అదే ఇంట్లో ఉంచి అద్దె కడుతూ వెళ్ళాను కాబట్టి ఇల్లు ఉంది, ఇంటితో పాటు పిల్లీ ఉంటుంది. లెక్క సరిపోయింది. పాలకని కొంత డబ్బు ఆవిడ చేతిలో పెట్టి చక్కా పోయాను.

ఫోను చేసినప్పుడల్లా "బానే ఉంది బాబూ" అనేది. పద్దెనిమిది నెలలూ బానే ఉంది.

తిరిగొచ్చాక చెప్పింది. "నువ్వెళ్ళాక ఓ పది రోజులు పైన నీ తలుపు ముందే కూచునేది. పాలు పోస్తే ముట్టేది కాదు. తర్వాత కనబడలేదు. దేశం కాని దేశంలో ఉన్నవాడివి, చెబితే బాధపడతావని చెప్పలేదు." నేను ఆవిణ్ణి ఏమీ అనలేదు. అనడానికి నాకేం మొహం ఉంది? అయితే ఒక్క విషయం అడిగాను. వంటింటి కిటికీ రెక్క ఊడిపోయి ఎప్పుడూ తెరిచే ఉండేది, పండు రాకపోకలన్నీ అందులోంచే. దాన్ని ఎవరైనా మూశారా అని. ఎవరూ మూయలేదట. అంటే ఇల్లు దానికి తెరిచే ఉంది. లోపల దాని గోనెపట్టా ఉంది, నా మంచం ఉంది. అయినా లోపలికి వెళ్ళకుండా, బయట మెట్ల వైపు మొహం పెట్టి కూచుంది. ఇంటిని నమ్ముకోవడం అంటే ఇదేనా?

ఇంకో సంగతి చెప్పాలి, దీన్ని చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గేస్తుంది. అమెరికాకి పిల్లిని తీసుకెళ్ళడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. అక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లులకి రేబిస్ టీకా కాగితం కూడా అడగదు. దిగినప్పుడు చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటే చాలు. రాష్ట్రాలకీ విమాన సంస్థలకీ వాళ్ళ వాళ్ళ నియమాలు వేరే ఉంటాయి, హవాయీ సంగతి పూర్తిగా వేరు, కానీ మొత్తమ్మీద అదొక వారం పది రోజుల పని. (కుక్కల విషయంలో అలా కాదు. 2024 ఆగస్టు నుంచి మన దేశం లాంటి రేబిస్ ఎక్కువున్న చోట్ల నుంచి వచ్చే కుక్కలకి నిబంధనలు బాగా బిగించారు.) ఇదంతా నాకు 2012లో తెలియదు. తెలియకపోవడానికి కారణం ఎవరూ చెప్పకపోవడం కాదు. నేను గూగుల్లో ఒక్కసారి కూడా వెతకలేదు. న్యూజెర్సీలో ఇండియన్ స్టోర్లు ఎక్కడున్నాయో మాత్రం వెతికాను.

అందుకే, "పాపం తీసుకెళ్దామనే అనుకున్నాం, కానీ రూల్సు చాలా కష్టం" అని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను. రూల్సు చూశారా అని అడుగుతాను. చాలామంది చూసుండరు. ముందు మనం పిల్లిని లెక్కలోంచి తీసేస్తాం, ఆ తర్వాత కారణాలు వెతుక్కుంటాం. ఆ కారణాల్లో అన్నింటికంటే చవకైంది ఈ సామెత.

సరే, రెండో కథకొస్తాను. 2023 నవంబరులో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం కుదిరింది. అప్పటికి పెళ్ళయింది, మియాపూర్‌లో అపార్టుమెంటు, అదీ అద్దెదే. ఇంట్లో రెండు పిల్లులు. పెద్దది మాలచ్చి, ఆరేళ్ళది, మూడు రంగులు, మూడు లోకాలూ తన కింద పనిచేస్తున్నాయన్నట్టు ఉంటుంది. చిన్నవాడు గుండుగాడు, కింద సెల్లారులో ఎవరి కారు బానెట్లోంచో బయటపడ్డవాడు, అప్పటికి ఓ ఐదు నెలలవాడు. ఈసారి ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రే కూచుని రూల్సు చదివాను. చదివి తల పట్టుకున్నాను.

యూరోపియన్ యూనియన్ వాళ్ళ పద్ధతి ఇలా ఉంటుంది. ముందు పిల్లి మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్పు వేయించాలి, పదిహేను అంకెలది. చిప్పు వేశాకే రేబిస్ టీకా. చిప్పుకి ముందు వేసిన టీకాలు ఎన్నున్నా లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ టీకా ఈ పిల్లికే వేశారని రుజువేమిటి? (మాలచ్చికి ఏటా వేయించిన టీకాల పుస్తకం అలా ఒక్క నిమిషంలో చిత్తు కాగితమైపోయింది.) టీకా వేశాక కనీసం ముప్పై రోజులు ఆగి రక్తం తీసి, వాళ్ళు ఆమోదించిన ల్యాబుకే పంపాలి. అందులో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకి తగ్గకుండా ఉండాలి. ఉంటే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అప్పుడు ప్రయాణం. ఆ ప్రయాణానికి పది రోజుల లోపల ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం చేసిన ఆరోగ్య పత్రం.

అంటే ఎంత పరుగెత్తినా నాలుగు నెలలు. మనం ఆఫీసులో ఎజైల్ అంటూ గంతులేస్తాం కదా, ఇది అచ్చమైన వాటర్‌ఫాల్ ప్రాజెక్టు. ఒకటయ్యాకే ఇంకోటి. నలుగుర్ని అదనంగా పెట్టినా ఒక్క రోజు కూడా తగ్గదు. డబ్బులు ఎక్కువ పారేస్తే తత్కాల్ అంటూ ఏమీ లేదు.

మొదట్లో నేనూ చిరాకుపడ్డాను. "మన పిల్లులంటే వీళ్ళకి అంత చులకనా" అని మా ఆవిడ దగ్గర లెక్చరు కూడా ఇచ్చాను. తర్వాత కాస్త చదివితే చల్లబడ్డాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు, మనిషైనా జంతువైనా. ప్రపంచం మొత్తమ్మీద రేబిస్‌తో పోయేవాళ్ళలో మూడో వంతుకి పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జర్మనీ వాళ్ళు 1983లో మొదలుపెట్టి అడవుల్లో నక్కలకి టీకా మందు పెట్టిన ఎరలు వేశారు, విమానాల్లోంచి కూడా వెదజల్లారు. పాతికేళ్ళు పట్టుదలగా చేస్తే 2008కి గానీ నేల మీద తిరిగే జంతువుల్లో రేబిస్ లేదని ప్రకటించుకోలేకపోయారు. అంత కష్టపడి శుభ్రం చేసుకున్న ఇంట్లోకి చెప్పులతో రావద్దంటే మనం అలగడం దేనికి? మూడు నెలలు ఆగమనడంలో కూడా తర్కం ఉంది. టీకాకి ముందే ఎక్కడో కరిపించుకుని జబ్బు లోపల నిద్రపోతుంటే, ఆ గడువులో అది బయటపడే అవకాశం ఎక్కువ. కాబట్టి రూల్సుని తిట్టేవాళ్ళతో నేను కలవను. కష్టమే, కానీ అన్యాయం కాదు.

నవంబరు చివర్లో ఇద్దరికీ చిప్పు, టీకా అయ్యాయి. జనవరి మొదటి వారంలో రక్తం తీశారు. అది జర్మనీ ల్యాబుకి వెళ్ళింది. ఇంట్లో అందరికంటే ముందు విమానమెక్కింది మా పిల్లుల రక్తమే అని మా ఆవిడ అందరికీ చెప్పుకుంది. ఆ నవ్వు మూడు వారాలే. రిజల్టు వచ్చింది. మాలచ్చి దర్జాగా పాసు. గుండుగాడు 0.3. ఫెయిలు.

డాక్టరు గారు చెప్పిందేమిటంటే, ఏటా వేయించుకుంటున్న మాలచ్చికి యాంటీబాడీలు బాగా ఉంటాయి, జీవితంలో మొదటిసారి ఒక్క డోసు పడ్డ పిల్లకి ఒక్కోసారి చాలవు. మొదట్లోనే రెండు డోసులు వేయించి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదేమో. ఇప్పుడు మళ్ళీ టీకా, మళ్ళీ ముప్పై రోజులు, మళ్ళీ రక్తం, మళ్ళీ మూడు నెలలు. వేళ్ళు మడిచి లెక్కపెడితే జూన్. నేను చేరాల్సింది ఏప్రిల్ 8న.

ఆ వారం మా ఇంట్లో జరిగిన సంభాషణలు రాస్తే ఒక నాటకం అవుతుంది. మా అమ్మ ఫోన్లో "ఒరేయ్, పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని విన్నాం గానీ, పిల్లిని మనుషులు ఏడు సముద్రాలు తిప్పడం నీ దగ్గరే చూస్తున్నా" అంది. (నిజం చెప్పొద్దూ, నవ్వొచ్చింది.) మా అత్తగారు మర్యాదగానే "చిన్నవాణ్ణి మాకివ్వండి బాబూ, ఊళ్ళో పెరట్లో తిరుగుతాడు, ఎలకలు పడతాడు" అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ పెరటి వెనకాలే రోడ్డు, రోడ్డు నిండా కుక్కలు. పుట్టాక ఆరో నెల నుంచి అపార్టుమెంటు మూడో అంతస్తులో పెరిగినవాడికి కుక్క అంటే ఏమిటో కూడా తెలియదు. ఇంకో బంధువు, పేరు వద్దులెండి, "రైతుబజారు దగ్గర వదిలెయ్యండి, చేపలవాళ్ళు ఉంటారు, రాజాలా బతుకుతుంది" అన్నాడు. ఆయన ఇంకా పొడిగించి "పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది గానీ మనుషుల్ని కాదయ్యా" అన్నాడు. అప్పుడే నాకు ఒళ్ళు మండింది అన్నాను చూశారా, అది. ఇంటిని నమ్ముకునేదాన్ని తీసుకెళ్ళి రైతుబజార్లో వదలమంటాడేంటీయన! ఒకే నోటితో రెండు మాటలు.

అసలు ఏ ఇల్లు నమ్ముకుంటుంది చెప్పండి? మాది అద్దె ఇల్లు. మేం ఖాళీ చేసిన నాడే ఓనరు సున్నాలు వేయించి టు-లెట్ బోర్డు పెడతాడు. కొత్తగా వచ్చేవాళ్ళు గుమ్మంలో పిల్లి కనబడితే అపశకునమని చీపురు తీస్తారు. పెంకుటిల్లు, పెరడు, ధాన్యం గాదె, గాదె నిండా ఎలకలు, మూడు తరాలు కదలని కుటుంబం ఉన్న రోజుల్లో పుట్టిన మాట అది. అప్పుడు మనుషులు మారినా ఇల్లు మిగిలేది. పదకొండు నెలల అగ్రిమెంట్ల కాలంలో ఆ మాట పట్టుకుని వేళ్ళాడితే ఎలా?

అన్నట్టు, మనకి దీని మీద చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులతో బాధపడేట్టు వదిలేసి పోవడం నేరమే. మొదటిసారి చేస్తే జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకి తగ్గకుండా, యాభైకి మించకుండా. గుండుగాడి రక్తం తీసిన సిరంజి పాటి చెయ్యదు.

చివరికి మా ఆవిడే తేల్చింది. "మీరు మాలచ్చిని తీసుకుని వెళ్ళండి. నేను వాడితో జూన్‌లో వస్తాను. నేనింకా రిజైన్ చెయ్యలేదు కదా, రెండు నెలల జీతం కూడా కలిసొస్తుంది." అంతే. పది నిమిషాల్లో అయిపోయింది. "పిల్లి కోసం మొగుడూ పెళ్ళాం విడివిడిగా ఉంటారా" అని చెవులు కొరుక్కున్నారు. ఆన్‌సైటు కోసం, గ్రీన్‌కార్డు కోసం, పిల్లల ఇంటర్మీడియట్ కోసం ఏళ్ళకేళ్ళు విడివిడిగా ఉండే సంసారాలు మన కాలనీల్లో ఎన్ని లేవు? అప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, పనికొస్తుందని చెబుతున్నా. యూరప్ రూల్సులో యజమాని ప్రయాణానికీ పిల్లి ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకి మించి తేడా ఉండకూడదు. మించితే అది సొంత పెంపకం కింద కాకుండా వ్యాపార సరుకు కింద లెక్క, దాని తతంగం వేరు. అందుకని గుండుగాడి కాగితాల్లో యజమాని పేరు మొదటి నుంచీ మా ఆవిడదే ఉండేట్టు చూసుకున్నాం. ఇంకా, ఒక్క తేదీ తప్పినా అక్కడ దిగాక వెనక్కి పంపొచ్చు, మన ఖర్చుతో క్వారంటైన్‌లో పెట్టొచ్చు, వేరే దారి లేకపోతే చంపేసే అధికారం కూడా ఉంది. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నించీ ప్రతి కాగితం మీద చిప్పు నంబరు మూడేసి సార్లు సరిచూశాను. ప్రొడక్షన్‌లోకి కోడ్ పంపేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ లేను.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరి క్వారంటైన్ ఆఫీసులో పిల్లిని చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకున్నాం. ఎగుమతి! మామిడిపళ్ళలాగా. ఆ జనవరిలోనే హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా నేరుగా విమానం మొదలుపెట్టడం మాకు కలిసొచ్చింది. సంచీతో కలిపి ఎనిమిది కిలోలు దాటకపోతే కాళ్ళ దగ్గర పెట్టుకోనిస్తారు. (మాలచ్చిని నెల రోజులు డైటింగు చేయించాల్సొచ్చింది, ఆ పాపం నాదే.) నిద్రమాత్ర వేయొచ్చుగా అని అందరూ అడుగుతారు. వేయకూడదు. పైన గాలి ఒత్తిడి మార్పుల్లో మందు ఎలా పనిచేస్తుందో చెప్పలేమని డాక్టర్లూ వద్దంటారు, విమానాల వాళ్ళూ వద్దంటారు. దానికి బదులు రెండు నెలల ముందు నుంచే ఆ సంచీ హాల్లో తెరిచి పెట్టి, అన్నం అందులోనే పెట్టాం. చివరికి అదే దాని పడకగది అయింది.

సెక్యూరిటీ దగ్గరే అసలు పరీక్ష. సంచీ ఎక్స్‌రేలోకి పోవాలి, పిల్లి పోకూడదు. కాబట్టి బయటికి తీసి చేతులతో పట్టుకుని మెటల్ డిటెక్టర్లోంచి నడవాలి. అర్ధరాత్రి, వందల మంది జనం, ట్రేల చప్పుడు, నా చేతుల్లో గుండె దడదడలాడుతున్న మూడు రంగుల పిల్లి. తప్పించుకుని దూకిందంటే ఇక అంతే సంగతులు. ఛాతీకి పట్టీ కట్టి, ఆ తాడు నా మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకున్నాను. అది దూకలేదు. నా చొక్కా లోపలికి తల దూర్చేసి, భుజంలో గోళ్ళు దించి అలా ఉండిపోయింది. ఆ మచ్చలు నాలుగు ఇంకా ఉన్నాయి. ఇంటిని నమ్ముకునే జంతువు, చుట్టూ ఇల్లన్నదే లేని చోట, దేన్ని పట్టుకుందో నాకు తెలుసు.

అలా అని సామెతలో బొత్తిగా నిజం లేదనను. కొత్త ఇంట్లో మాలచ్చి ఐదు రోజులు బాత్రూములో వాషింగ్ మెషీను వెనకనుంచి బయటికి రాలేదు. తిండి రాత్రి నేను పడుకున్నాకే. పిల్లికి చోటు ముఖ్యమే. తన వాసన ఉన్న గోడలు, తన దారులు, తన కిటికీ కావాలి. అందుకే దాని పాత దుప్పటి ఉతక్కుండా తెచ్చాను. ఆరో రోజు పొద్దున కళ్ళు తెరిస్తే నా మెడ మీద ఉంది. చోటు మారితే పిల్లి బాధపడుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ బాధ వారం రోజులది.

అందరూ తప్పకుండా తీసుకెళ్ళాల్సిందే అని కూడా నేననను. పద్నాలుగేళ్ళ ముసలిదై, కిడ్నీలు పాడై ఉంటే తొమ్మిది గంటల విమానం దానికి శిక్ష. ఆస్ట్రేలియా అయితే మన దేశం నుంచి నేరుగా తీసుకోనే తీసుకోరు, మధ్యలో వాళ్ళు ఒప్పుకున్న ఇంకో దేశంలో నెలల తరబడి ఉంచాలి. జపాన్ అయితే రక్తపరీక్ష తర్వాత 180 రోజులు. ఇంగ్లండుకి మన కాళ్ళ దగ్గర కూచోబెట్టుకుని పోవడం కుదరదు, కార్గోలోనే పోవాలి. అప్పు చేసి ఎమ్మెస్‌కి పోయే కుర్రాడి దగ్గర వీటన్నిటికీ డబ్బెక్కడిది? అలాంటివాళ్ళని నేను తప్పు పట్టను. (బీటెక్ ఆఖరి సంవత్సరంలో జీఆర్ఈ పుస్తకం పక్కన పెట్టుకుని కొత్తగా పిల్లికూనని తెచ్చుకునేవాణ్ణి మాత్రం పడతాను.) నేనడిగేది ఒక్కటే. తీసుకెళ్ళలేమని తేలితే ఆ తేలడమేదో నాలుగు నెలల ముందు తేలాలి. అప్పుడైతే దాన్ని ప్రేమగా చూసుకునే మనిషిని వెతకొచ్చు, వాళ్ళింటికి నాలుగుసార్లు తీసుకెళ్ళి అలవాటు చెయ్యొచ్చు. చివరి వారంలో తేలితే దొరికేది ఓనరు ఆంటీ, వాచ్‌మెన్, రైతుబజారు.

ఇంకో మాట. యూరప్ వాళ్ళ రక్తపరీక్ష ఒకసారి పాసయితే, ఆ తర్వాత టీకాలు గడువు తప్పకుండా వేయిస్తున్నంత కాలం మళ్ళీ చేయించక్కర్లేదు. అంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగాల్సిన పనే లేదు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్లలో అద్దెకుంటూ, ఒక కన్ను లింక్డిన్ మీద వేసి పిల్లుల్ని పెంచుకుంటున్న ప్రతి ఒక్కరూ ఈ పని ఇప్పుడే చేయించి పెట్టుకోవచ్చు. వీసా వస్తుందో రాదో తెలియకుండానే మనం పాస్‌పోర్టు తీయించుకుని బీరువాలో పెట్టుకోలేదూ? ఐఈఎల్‌టీఎస్ రాసి పెట్టుకోలేదూ? పిల్లికి ఒక చిప్పు, రెండు డోసులు, ఒక రక్తపరీక్ష. ఆపైన ఆఫర్ ఎప్పుడొచ్చినా మన నోటీసు పీరియడే పిల్లి నోటీసు పీరియడ్ కంటే ఎక్కువ ఉంటుంది.

గుండుగాడు జూన్ రెండో వారంలో దిగాడు. ఫ్రాంక్‌ఫర్ట్ కస్టమ్స్ ఆఫీసరు స్కానరు మెడ మీద పెట్టి, పదిహేను అంకెలూ కాగితంతో సరిచూసి, తలూపి పంపేశాడు. ఏడు నెలల మా భయానికి ముప్పై సెకన్లు పట్టింది. ఇంటికొచ్చాక మాలచ్చి వాణ్ణి చూసి బుస్సుమంది, గుర్తే పట్టలేదు. మా ఆవిణ్ణి మాత్రం పట్టింది. ఆవిడ సూట్‌కేసు తెరవగానే అందులోకి దూకి, మడత పెట్టిన చీరల మీద చుట్ట చుట్టుకుని సాయంత్రం దాకా లేవలేదు. చీరలన్నీ బొచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పాత కంపెనీలో నా టీములో ఉండే కుర్రాడు పోయిన వారం ఫోన్ చేశాడు. నెదర్లాండ్స్‌లో ఆఫరు, రెండు నెలల్లో చేరాలి. ఇంట్లో ఒక పిల్లి ఉంది. "అన్నా, రెండు నెలల్లో అవుతుందా?" అని అడిగాడు. అవదని చెప్పాను. ఇప్పుడే చిప్పు, టీకా వేయించి, రక్తం ఇచ్చి, నాలుగు నెలలు మీ అమ్మగారి దగ్గర ఉంచి, నువ్వే ఒకసారి వచ్చి తీసుకెళ్ళమన్నాను. టికెట్టు డబ్బులు దండగ కదన్నా అన్నాడు. కాసేపాగి, "అయినా పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది కదన్నా. ఓనర్ వాళ్ళు చూసుకుంటామంటున్నారు" అన్నాడు.

అతనికి పండు కథ మొత్తం చెప్పాను, కిటికీ సంగతితో సహా. అవతల చాలాసేపు మాట లేదు. డాక్టరు నంబరు పంపమన్నాడు. పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు.